ఐటీ షేర్లా, బంగారమా? ముందు మీ జీతం ఎటువైపు ఉందో చూస్కోండి

2025 దీపావళి ముందు రోజు, ఆదివారం పొద్దున్నే అమ్మ ఫోన్. "ఏరా, తులం లక్షా ముప్పై వేలంట, టీవీలో చెప్తున్నారు. రెండేళ్ళ కిందే నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పా కొనుక్కోరా అని, విన్నావా నువ్వు?" నేనేం మాట్లాడలా. ఎందుకంటే సరిగ్గా అప్పుడే నా ఫోన్లో ఐటీ ఫండ్ (ఐటీ కంపెనీల షేర్లు కొనే మ్యూచువల్ ఫండ్) నష్టంలో ఎర్రగా ఉంది. 2024 డిసెంబర్లో నిఫ్టీ ఐటీ ఇండెక్స్ (పెద్ద ఐటీ కంపెనీల షేర్ల సూచీ) 46,000 దగ్గర ఉన్నప్పుడు ఊపులో పెట్టేసిన డబ్బులు అవి. ఆ ఇండెక్స్ 2025 ఏప్రిల్లో 31,000 చుట్టుపక్కలకి జారిపోయి, తర్వాత కొంచెం లేచి 35,000 దగ్గర చతికిలబడింది. ఆ రోజుకి అమ్మే గెలిచింది, ఒప్పుకున్నా. కానీ ఇదే అమ్మ 2012 చివర్లో చెల్లి పెళ్ళికని తులం 31,000 పెట్టి కొన్న బంగారం 2015లో 26,000కి దిగినప్పుడు మాత్రం నాకు ఫోన్ చేసి చెప్పలేదు లెండి.

ఈ రెండిట్లో ఏది బెటర్ అని ఎవర్నడిగినా, మీరు ఏ నెలలో అడిగారన్నదాన్ని బట్టి జవాబు మారిపోద్ది. అందుకే నేను ఆ ప్రశ్న మానేసి వేరే ప్రశ్న పట్టుకున్నా: ఐటీకి దెబ్బ తగిలిన రోజు మా ఇంట్లో ఇంకా ఏమేం పడతాయి? ఇది తేలితే మిగతాదంతా కూడికలు తీసివేతలే.

ఒక తెల్ల కాగితం తీస్కోండి, ఎక్సెల్ అక్కర్లేదు. మధ్యలో గీత గీసి ఎడమ పక్కన, ఐటీ పడితే దాంతో పాటు పడేవన్నీ రాయండి, పడనివి కుడి పక్కకి. ముందు మీ జీతం. మీ ఆవిడో మీ ఆయనో కూడా సాఫ్ట్‌వేరే అయితే ఆ జీతం కూడా. కంపెనీ జీతంలో భాగంగా ఇచ్చిన షేర్లు (ఆర్ఎస్‌యూలు), ఉద్యోగులకి తగ్గింపు రేటుకి అమ్మే ఈఎస్‌పీపీలో కొన్నవి. తర్వాత చాలామంది మర్చిపోయేది ఫ్లాట్. నల్లగండ్లలోనో తెల్లాపూర్లోనో కొన్న ఫ్లాట్‌కి అద్దె ఎవరు కడుతున్నారు? ఇంకో సాఫ్ట్‌వేర్ అతనే కదా. రేపు మీరు అమ్మాలంటే కొనేది ఎవరు? మళ్ళీ వాళ్ళే. అది కూడా ఎడమ పక్కకే. నేను మొదటిసారి రాసినప్పుడు ఎడమ పక్క నిండిపోయి కుడి పక్కన పీఎఫ్, కాస్త ఎఫ్‌డీ, ఊళ్ళో నాన్న పేరు మీదున్న ఎకరంన్నర మాత్రమే మిగిలాయి. అంటే నేను కొత్తగా ఐటీ ఫండ్ కొనకముందే నిండా ఐటీలోనే ఉన్నా, దాని మీద ఇంకో బస్తా ఎత్తుకున్నానన్నమాట.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పట్లేదు. 2025 జులైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో 2 శాతం మందిని, అంటే 12,000 మంది పైచిలుకుని తీసేస్తామని ప్రకటించింది. సెప్టెంబర్లో అమెరికా కొత్త హెచ్‌1బీ పిటిషన్ మీద లక్ష డాలర్ల ఫీజు అన్నది. ఆ వీకెండ్ అయిపోయి సోమవారం మార్కెట్ తెరవగానే ఐటీ షేర్లన్నీ కలిసికట్టుగా పడ్డాయి. అదే సోమవారం పొద్దున ఎంతమంది ఇళ్ళల్లో వీసా గురించి, అక్కడున్న తమ్ముడి గురించి టెన్షన్ పడ్డారో మీకూ తెలుసు. షేరూ ఉద్యోగమూ ఒకే వార్తకి భయపడుతున్నాయంటే రెండూ ఒకే బుట్టలో ఉన్నట్టే. మన హైదరాబాదోళ్ళకి ఇది మరీ కొత్తేం కాదు, 2009 జనవరి 7న సత్యం లెక్కల్లో మోసం బయటపడ్డ రోజు 179 దగ్గరున్న షేరు సాయంత్రానికి 40కి వచ్చింది. ఆ కంపెనీలోనే పనిచేస్తూ ఆ కంపెనీ షేర్లే దాచుకున్నవాళ్ళకి దాచిందీ పోయింది, వచ్చే నెల జీతం పడుద్దో లేదో కూడా తెలీదు.

అదే నంద్యాలలో ఎరువుల షాపు ఉన్నాయన కాగితం రాస్తే పూర్తిగా తిరగబడుద్ది. ఆయనకి ఐటీతో సంబంధమే లేదు, పొలం ఉంది, ఇంట్లో నలభై కాసుల బంగారం ఉంది. ఆయన ఇంకా బంగారం కొనడం కంటే కొంచెం టెక్నాలజీ షేర్లు పెట్టుకోవడమే తెలివైన పని. నాకు చెప్పిన సలహా ఆయనకి పనికిరాదు. యూట్యూబ్‌లో "బంగారం పోర్ట్‌ఫోలియోలో 10 శాతం ఉండాలి" అని అందరికీ ఒకే కొలత చెప్పేవాళ్ళతో నా గొడవ ఇదే.

ఇక కుడి పక్కన బంగారం రాసేటప్పుడు మనకి మనం అబద్ధం చెప్పుకోకూడదు. పుస్తెల తాడు, అత్తగారు పెట్టిన హారం, పాప పేరు మీద తీసిన గాజులు, ఇవి మీరు అమ్ముతారా? అమ్మరు. అయితే పెట్టుబడి లెక్కలో రాయకండి, పక్కన వేరే గీత గీసి రాసుకోండి. అమ్మకపోయినా కుదువ పెట్టుకోవచ్చు, ఆ విలువ దానికి ఉంది, కష్టకాలంలో అరగంటలో డబ్బు చేతికిచ్చేది అదే. 1991లో విదేశీ మారక నిల్వలు అడుగంటినప్పుడు మన దేశమే ఆ పని చేసింది, జులైలో రిజర్వ్ బ్యాంక్ దాదాపు 47 టన్నుల బంగారాన్ని విమానాల్లో లండన్‌కి పంపి అప్పు తెచ్చుకుంది, అప్పటికి పీవీ గారు ప్రధాని అయ్యి కొద్ది వారాలే. అందుకే ఆడవాళ్ళ నగల్ని "డెడ్ ఇన్వెస్ట్‌మెంట్" అని తీసిపారేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుద్ది. కాకపోతే అది ఇన్సూరెన్స్ లాంటిది, పెట్టుబడి వేరు, రెండూ కలిపేస్తేనే లెక్క తప్పుద్ది.

కలిపితే ఎంత తప్పుద్దో ఒక బిల్లు చూద్దాం. లెక్క సులువుగా ఉండటానికి 22 క్యారెట్ గ్రాము 10,000 అనుకోండి. 20 గ్రాముల చెయిన్ అంటే బంగారం 2,00,000. తరుగు 14 శాతం అన్నాడు, 28,000. (మజూరి లేదు సార్ అంటాడు, తరుగులోనే అన్నీ ఉంటాయి.) మొత్తం 2,28,000 మీద జీఎస్టీ 3 శాతం, 6,840. మీరు కట్టింది 2,34,840. ఇప్పుడు బయటికొచ్చి టీ తాగి మనసు మార్చుకుని అదే చెయిన్ తీస్కెళ్ళి అమ్మితే తరుగు రాదు, జీఎస్టీ రాదు, పైగా 2 శాతం కోస్తే చేతికొచ్చేది 1,96,000. అంటే బంగారం దాదాపు 20 శాతం పెరిగితేగానీ మీరు అసలుకి రారు. షేరు 20 శాతం పడితే ఊరంతా గోల చేస్తాం, ఇక్కడ షాపులోంచి బయటికి అడుగు పెట్టకముందే కట్టిన దాంట్లో 16 శాతం పైనే పోయింది, ఎవడికీ కనపడదు. రాళ్ళ నగ అయితే ఇంకా అన్యాయం. మా ఆవిడ నెక్లెస్ ఒకటి మార్చడానికి వెళ్తే, కొన్నప్పుడు బంగారంతో పాటే తూచిన రాళ్ళని మార్చేటప్పుడు విడిగా తీసి తూచాడు, దాదాపు 4 గ్రాములు ఎగిరిపోయింది. అప్పటినుంచి కొనేటప్పుడే బిల్లులో గ్రాస్ వెయిట్, నెట్ వెయిట్ విడివిడిగా రాయించుకుంటున్నా, హాల్‌మార్క్ పక్కన ప్రతి నగకీ విడిగా ఇచ్చే ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబర్ ప్రభుత్వ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తున్నా.

కాబట్టి పెట్టుకోవడానికి నగ, పెట్టుబడికి గోల్డ్ ఈటీఎఫ్ (మన డబ్బుతో బంగారం కొని దాచే ఫండ్). డీమాట్ ఖాతా (షేర్లు దాచే ఖాతా) ఉంటే చాలు, షేరు కొన్నట్టే కొనడమే, చాలా ఈటీఎఫ్‌లలో ఒక యూనిట్ అంటే 0.01 గ్రాము బంగారానికి దగ్గర ఉంటది, ఖర్చు ఏడాదికి ఒక శాతం లోపే. ప్రభుత్వం బంగారం రేటుకి ముడిపెట్టి ఇచ్చిన సావరిన్ గోల్డ్ బాండ్లు ఉన్నన్నాళ్ళు వాటిని మించింది లేదు. 2015 నవంబర్లో గ్రాము 2,684కి ఇచ్చిన మొదటి విడత 2023 నవంబర్లో 6,132కి తిరిగి ఇచ్చారు, మధ్యలో వడ్డీ అదనం. కానీ 2024 ఫిబ్రవరి తర్వాత కొత్తవి తేలేదు, ఇప్పుడు ఎక్స్ఛేంజ్‌లో పాతవి కొనాలంటే బంగారం రేటు కంటే ఎంత ఎక్కువ అడుగుతున్నాడో, టాక్స్ రూల్ ఎలా ఉందో చూసి కొనండి. ఫోన్ యాప్‌లలో పది రూపాయలకి అమ్మే డిజిటల్ గోల్డ్ జోలికి నేను పోను, అది తమ పరిధిలోకి రాదని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీనే 2025 నవంబర్లో హెచ్చరించింది, పైగా దానికీ 3 శాతం జీఎస్టీ కట్టాలి.

సరే, ఇప్పుడు ఏది ఎంత లోతుకి పడగలదో చూడాలి. ఎంత పెరిగిందో అందరూ చెప్తారు, పడినప్పుడు ఎన్నేళ్ళు కూర్చోబెట్టిందో చెప్పరు. టెక్నాలజీ షేర్లు ఎక్కువుండే అమెరికా సూచీ నాస్డాక్ 2000 మార్చిలో 5,048 తాకి 2002 అక్టోబర్‌కి 1,114కి వచ్చింది, వందకి 22 మిగిలినట్టు. పాత ఎత్తు మళ్ళీ దాటింది 2015లో. అప్పుడు ఆ కంపెనీల్లో కోడ్ రాసుకుంటున్న మనవాళ్ళు ఎంతమంది పెట్టెలు సర్దుకుని వెనక్కొచ్చారో అమీర్‌పేట పాత ఇన్‌స్టిట్యూట్ల వాళ్ళనడిగితే చెప్తారు. అయితే బంగారం సేఫ్ అనుకుంటారేమో, అది 1980 జనవరిలో ఔన్సు (దాదాపు 31 గ్రాములు) 850 డాలర్లు తాకి, పడీ పడీ 1999లో 250 దగ్గరికొచ్చి, మళ్ళీ 850 చూసింది 2008 జనవరిలో. ఇరవై ఎనిమిదేళ్ళు! పెళ్ళైనప్పుడు కొన్నోడు కొడుకు పెళ్ళి దాకా ఆగాలి. ఇంకోటి, సంక్షోభం మొదలైన మొదటి వారాల్లో బంగారం కూడా పడుద్ది. 2008లో వెయ్యి డాలర్ల నుంచి 700 దగ్గరికి జారింది, 2020 మార్చిలో కోవిడ్ భయానికీ అంతే, ఎందుకంటే పెద్ద పెద్ద ఫండ్లకి క్యాష్ కావాలి, చేతిలో ఏది అమ్ముడుపోతే అది అమ్మేస్తారు. తేడా ఏంటంటే రెండుసార్లూ బంగారం తొందరగా లేచింది. కాబట్టి ఆరు నెలల ఖర్చు బ్యాంకులో లేకుండా ఈ రెండిట్లో ఏదీ కొనొద్దు. ఇద్దరూ ఐటీ అయితే తొమ్మిది నెలలు.

చాలామంది పట్టించుకోని విషయం రూపాయి. 2011 సెప్టెంబర్లో ఔన్సు 1,900 డాలర్లు, 2020 ఆగస్టులో 2,070. తొమ్మిదేళ్ళలో డాలర్లలో పెరిగింది పదో వంతు లోపే. అదే మన దగ్గర 10 గ్రాములు 28,000 నుంచి 55,000 అయింది. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం రూపాయి పడటం వల్లే, దిగుమతి సుంకం పెరగడం దానికి తోడు. మనం వాడే బంగారం దాదాపు అంతా బయటినుంచే వస్తది కాబట్టి బంగారం కొన్నామంటే సగం డాలర్ కొన్నట్టే. మరి ఐటీ కంపెనీ? దాని బిల్లులు కూడా డాలర్లలోనే, జీతాలు ఎక్కువగా రూపాయల్లో. రూపాయి పడితే దానికీ లాభమే. అంటే రూపాయి భయానికి రెండూ మందే. అమెరికా మందగమనం భయానికి మాత్రం ఒక్క బంగారమే మందు, మన ఐటీకి పనిచ్చే అక్కడి బ్యాంకులు ఖర్చు తగ్గిస్తే ఇక్కడ ప్రాజెక్ట్ ఆగుద్ది, షేరు పడుద్ది. మీ భయం ఏదో తెలిస్తే మందు ఎంచుకోవడం తేలిక. ప్రభుత్వం చేత్తో వచ్చే రిస్క్ కూడా ఉంది, 2024 జులై బడ్జెట్లో సుంకం 15 నుంచి 6 శాతానికి తగ్గించగానే ప్రపంచ రేటు తేలే లండన్లో ఏం జరక్కపోయినా మన దగ్గర తులం ఒక్కరోజులో వేలల్లో దిగింది.

మరి ఈ మధ్య ఇంతలా ఎందుకు పెరిగింది? 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా దాచుకున్న విదేశీ నిల్వల్ని పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాయి. డాలర్లు ఎవరో ఆపేయగలరు, సొంత లాకర్లో బంగారాన్ని ఆపలేరు అని మిగతా దేశాల సెంట్రల్ బ్యాంకులకి అర్థమైంది. 2022, 2023, 2024 మూడేళ్ళూ ఏటా వెయ్యి టన్నుల పైనే కొన్నాయి. అవి కొంటున్నంతకాలం అడుగున ఒక చెయ్యి ఉన్నట్టే, ఆపితే ఆ చెయ్యి తీసేసినట్టే. బంగారానికి లాభనష్టాల పట్టిక ఉండదు, చదవడానికి ఇలాంటి వార్తలే దిక్కు, అందుకే అది ఖరీదుగా ఉందా చౌకగా ఉందా అని ఎవరు గట్టిగా చెప్పినా నేను నమ్మను.

ఐటీకి ఆ ఇబ్బంది లేదు, మూడు నెలలకోసారి చిట్టా విప్పుతారు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ రిజల్ట్స్ వచ్చినప్పుడు "లాభం 8 శాతం పెరిగింది" అనే హెడ్డింగ్ వదిలేసి ముందు కాన్‌స్టంట్ కరెన్సీ గ్రోత్ వెతకండి. రూపాయి పడితే పని పెరక్కపోయినా ఆదాయం పెరిగినట్టు కనపడుద్ది, ఈ నంబర్ ఆ మేకప్ తుడిచేస్తది. తర్వాత కొత్త డీల్స్ ఎంత, మార్జిన్ (ఆదాయంలో లాభం శాతం) నిలబడిందా, అమెరికా బ్యాంకింగ్ క్లయింట్ల గురించి మేనేజ్‌మెంట్ ఏమంది. ఏఐ గురించి స్లయిడ్లు ఎన్ని పెట్టారో కాదు, అదే పనిని తక్కువమందితో చేస్తే క్లయింట్ బిల్లు తగ్గించమని అడుగుతున్నాడా లేదా అన్న ప్రశ్నకి తిన్నగా చెప్పారా నసిగారా, అది చూడండి. ఆఖర్న పీఈ, అంటే షేరు రేటు కంపెనీ ఏడాది లాభానికి ఎన్ని రెట్లుందో చెప్పే నంబర్. ఎన్ఎస్ఈ సైట్లో నిఫ్టీ ఐటీ పీఈ ఊరికే దొరుకుద్ది. 2022 మొదట్లో అది 35 పైన ఉంది, ఇండెక్స్ 39,000 దగ్గర, ఆ సెప్టెంబర్‌కల్లా మూడో వంతు కోసేసింది. కంపెనీలేం మునిగిపోలేదు, మనం ఎక్కువ పెట్టి కొన్నాం అంతే. ఐటీ మేలు కూడా చెప్పాలి, బంగారం లాకర్లో కూర్చుని లాకర్ అద్దె తింటది, ఐటీ కంపెనీలు డివిడెండ్లు ఇస్తాయి, బైబ్యాక్‌లు చేస్తాయి (తమ షేర్లు తామే తిరిగి కొంటాయి), 2025లో ఇన్ఫోసిస్ 18,000 కోట్ల బైబ్యాక్ ప్రకటించింది.

టాక్స్ గురించి రెండు ముక్కలు. 2024 జులై 23 నుంచి ఉన్న లెక్క ప్రకారం షేర్లు ఏడాది దాటి అమ్మితే 1.25 లక్షల లాభం దాటిన దాని మీద 12.5 శాతం, ఏడాది లోపు 20. గోల్డ్ ఈటీఎఫ్ ఏడాది దాటితే 12.5, నగలూ నాణేలూ అయితే రెండేళ్ళు దాటాలి, ఆ లక్షా పాతికవేల మినహాయింపు బంగారానికి లేదు. అమెరికా కంపెనీ ఆర్ఎస్‌యూలు ఉన్నవాళ్ళు రిటర్న్‌లో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్ఏ నింపడం మర్చిపోవద్దు, అమ్మకపోయినా చూపించాల్సిందే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి ఇక్కడి ఫండ్లు కొనాలనుకునేవాళ్ళకి అక్కడి పీఎఫ్ఐసీ రూల్ (విదేశీ ఫండ్ల మీద అమెరికా టాక్స్ రూల్) పెద్ద తలనొప్పి, ముందు అక్కడి సీపీఏని, అంటే అకౌంటెంట్‌ని అడగండి.

ఇంత తూచాక నేను పెట్టుకున్న నిష్పత్తి ఇది, మీది వేరే ఉంటది. గోల్డ్ ఈటీఎఫ్ 15 శాతం, ఐటీ 5 శాతం, మిగతాది ఎక్కువ భాగం మామూలు ఇండెక్స్ ఫండ్ (సూచీలో ఉన్న కంపెనీలన్నిట్లో పెట్టేది), కొంచెం డెట్ (బాండ్ల ఫండ్). ఐటీ 5 ఏంటి మరీ అంత తక్కువ అంటే, నిఫ్టీ 50 ఫండ్ కొన్నా అందులో పదో వంతు దాకా ఐటీయే ఉంటది, పైన జీతం ఉండనే ఉంది. ఆర్ఎస్‌యూ వెస్ట్ అయిన (నా చేతికి షేర్లుగా వచ్చిన) నెలలోనే అమ్మేస్తా, ఎలాగూ ఆ రోజు విలువ మీద టాక్స్ కోసేస్తారు. బోనస్‌గా అదే డబ్బు చేతికిస్తే మా కంపెనీ షేర్లు కొంటానా అని నన్ను నేనే ప్రశ్నించుకుంటా, కొనను, అందుకే ఉంచుకోను. కొనేది నెలనెలా కొంచెం, అక్షయ తృతీయ ఆఫర్లు చూసి ఒకేసారి కాదు. ఇక ఏడాదికోసారి ఉగాది రోజు పచ్చడి తిన్నాక ఆ కాగితం బయటికి తీస్తా. ఏదైనా అనుకున్న దానికంటే 5 శాతం అటూ ఇటూ అయితేనే ముట్టుకుంటా, లేకపోతే మళ్ళీ బీరువాలో పెట్టేస్తా. ముందు కొత్త డబ్బుని తగ్గిన వైపు పంపుతా, దాంతో సరిపోకపోతేనే అమ్మడం.

ఈ ఉగాదికి బంగారం 15 అనుకున్నది 21కి వచ్చి కూర్చుంది. కొత్త డబ్బుతో సర్దుబాటయ్యేలా లేదు, అందుకే ఏడాది దాటిన యూనిట్లు చూసి కొన్ని అమ్మి ఇండెక్స్ ఫండ్‌లో వేశా. మర్నాడు రేటు ఇంకాస్త పెరిగింది. అమ్మకి మాత్రం ఇంకా చెప్పలా.